పాఠక్రమమూ పాఠమే : ఎక్స్.ఎం.ఎల్. గ్రంథపఠనంలో క్రమవిచారం

హైదరాబాదులో మూసీనది ఉత్తరపు గట్టున చాదర్‌ఘాట్ మొదలుకొని సుల్తాన్‌బజారు, అబిడ్స్, నాంపల్లి వరకు గల ప్రాంతానికి తెలుగు వాఙ్మయ చరిత్రలో ఒక స్థానం కలదు. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1943లో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు (నేటి తెలంగాణ సారస్వత పరిషత్తు) ఈ పరిధిలోనివే. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయం నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌లో దీర్ఘకాలం తన కార్యక్రమాలు సాగించినది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా ఆరంభమైన నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం చాదర్‌ఘాట్‌కు దాపున అఫ్జల్‌గంజ్‌లో ఉన్నది. ఈ సంస్థల ఆశయాలు వేరు వేరుగా కనిపించినను, వాటి మూలప్రయోజనం ఒక్కటే. పూర్వులు వ్రాసినదానిని చెదరకుండ, చెరగకుండ తరువాతి వారికి అందజేయడమే ఆ ప్రయోజనం.

తాటాకుల నాడు ఈ పని లేఖకునిది. అచ్చుయంత్రం వచ్చిన పిదప పరిష్కర్తది. నేడు గ్రంథాన్ని కంప్యూటరులో అక్షరాలుగా ఎక్కించి, దానికి ఎక్స్.ఎం.ఎల్. టాగులు తొడిగి, పైథాన్, పెర్ల్ వంటి స్క్రిప్టు భాషలతో చదివించి, పదసూచికలు, ఛందఃపరిశీలనలు, పాఠాంతర పట్టికలు తయారు చేసే పద్ధతి విశ్వవిద్యాలయాలలో నెలకొన్నది. ప్రాచ్య కళాశాలలకు కూడ ఇది చేరుచున్నది. ఈ మార్పులో ఒక ప్రమాదం పొంచి ఉన్నది. అక్షరం పోకుండ చూచుకొనేవారు పెక్కుమంది కలరు. క్రమం పోకుండ చూచుకొనేవారు అరుదు. క్రమం కూడ పాఠంలో భాగమేననియు, దానిని కాపాడే బాధ్యత సాంకేతికునికి మాత్రమే విడువరానిదనియు గుర్తించవలసిన సమయమిది.

పత్రక్రమం అనగా నేమి?

1986లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన ఎస్.జి.ఎం.ఎల్. అనే పద్ధతిని సరళీకరించి, 1998 ఫిబ్రవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఎక్స్.ఎం.ఎల్.ను ప్రకటించినది. ఇందులో గ్రంథం ఒక వృక్షం వలె ఉండును. పర్వం లోపల ఆశ్వాసం, ఆశ్వాసం లోపల పద్యమో వచనమో, పద్యం లోపల పాదం - ఇట్లు ఒకదానిలో మరొకటి ఇమిడి ఉండే ఈ భాగాలను ఎలిమెంట్లు అందురు. ఒక్కొక్క ఎలిమెంటుకు ఆరంభ టాగు, ముగింపు టాగు ఉండును. ఈ టాగుల పేర్లను తెలుగు లిపిలోనే పెట్టుకొనుటకు ఎక్స్.ఎం.ఎల్. అనుమతించినది గాన, ‘పద్యం’, ‘వచనం’ అనియే వ్రాసికొనవచ్చును.

ఆరంభ టాగులు పత్రంలో ఏ వరుసలో కనిపించునో ఆ వరుసకే డాక్యుమెంట్ ఆర్డర్ అని పేరు. 1999 నవంబరులో వెలువడిన ఎక్స్‌పాత్ ప్రమాణం ఈ భావాన్ని నిర్వచించినది. దీనిని తెలుగులో పత్రక్రమం అనవచ్చును. తల్లి ముందు, బిడ్డ తరువాత. మొదటి బిడ్డ సంతానమంతయు ముగిసిన పిదపనే రెండవ బిడ్డ. గ్రంథాన్ని మొదటి నుండి చివరి వరకు ఒక్క పుట దాటవేయక చదివే పాఠకుని మార్గమే ఇది.

మన శాస్త్రాలకు ఈ విచారం కొత్తది కాదు. జైమిని పూర్వమీమాంసలో ఐదవ అధ్యాయం క్రమవిచారానికే కేటాయింపబడినది. క్రమాన్ని నిర్ణయించుటకు శ్రుతి, అర్థం, పాఠం, స్థానం, ముఖ్యం, ప్రవృత్తి అని ఆరు ప్రమాణాలను మీమాంసకులు చెప్పుదురు. వానిలో మూడవదైన పాఠక్రమమే నేటి పత్రక్రమానికి సమీపమైనది. వాక్యాలు ఏ వరుసలో పఠింపబడినవో ఆ వరుసలోనే కర్మలు ఆచరింపవలెనని దాని తాత్పర్యం. వేదపాఠంలో పదాల వరుస చెదరకుండ జట, ఘన మొదలైన వికృతులను కల్పించుకొన్న సంప్రదాయానికి, క్రమం పోయిన పాఠం పాఠమే కాదని ఎవరును చెప్పనక్కరలేదు.

స్క్రిప్టు ఎక్కడ తప్పును?

చంపూకావ్యాన్ని తీసికొందము. నన్నయ భారతం మొదలుకొని తెలుగు ప్రబంధాలలో అత్యధిక భాగం పద్యగద్యాత్మకాలే. పద్యాన్ని విడిచి వచనం నిలువదు. వచనం అందించిన కథాసంధిలో నుండియే తరువాతి పద్యం పుట్టును. చాదర్‌ఘాట్‌లోని ఒక అధ్యాపకుడు అట్టి కావ్యంలోని ఒక ఆశ్వాసాన్ని టాగులతో సహా ఎక్కించి, దానిని చదివించుటకు ఒక యువకుని స్క్రిప్టు వ్రాయుమన్నాడనుకొందము. ఆ యువకుడు మొదట ‘పద్యం’ అనే ఎలిమెంట్లన్నిటిని ఏరి ఒక జాబితా చేయును. పిదప ‘వచనం’ అనే వానినన్నిటిని ఏరి మరొక జాబితా చేయును. రెండు జాబితాలలోను దేని వరుస దానికి సరిగనే ఉండును. ఒక్క అక్షరమైనను పోలేదు. కాని ఏ వచనం తరువాత ఏ పద్యమో చెప్పే ఆధారం మాత్రం మాయమైనది. ఆ రెండు జాబితాలను చూచి కావ్యాన్ని మరల కూర్చుట ఎవరి తరమును కాదు.

పద్యాలెన్ని, వచనాలెన్ని అని లెక్కించుటకు మాత్రమైతే ఈ పద్ధతి చాలును. వచనం ముగిసిన వెంటనే కవి ఏ వృత్తాన్ని ఎత్తుకొనుచున్నాడు, సీసం తరువాత వచ్చునది ఆటవెలదియా తేటగీతియా అనే ప్రశ్నలు వచ్చినచో అది నిష్ప్రయోజనం. పరిష్కారం సులభమైనదే. జాతివారీగా ఏరుట మాని, ఆశ్వాసంలోని ఎలిమెంట్లనన్నిటిని ఒక్క నడకలో వరుసగా చూచుచు, ఎదురైన ప్రతిదానిని ‘ఇది పద్యమా, వచనమా’ అని ప్రశ్నించుకొనుచు సాగిపోవలెను. 2006లో వెలువడిన పైథాన్ 2.5 సంచిక నుండి ఆ భాషతో పాటే లభించుచున్న ఎలిమెంట్‌ట్రీ అనే పరికరంలో ‘ఇటర్’ అనే నడక సరిగా పత్రక్రమంలోనే సాగును.

కొన్ని పరికరాలు ఈ అవకాశాన్ని కూడ మిగుల్చవు. పెర్ల్ భాషలో ఎక్స్.ఎం.ఎల్. సింపుల్ అనే మాడ్యూలు ఒకప్పుడు ఎంతో వాడుకలో ఉండెను. అది పత్రాన్ని పెర్ల్ భాషలోని హాష్‌గా మార్చును. హాష్ అనగా పేరును బట్టి విలువను అందించే సంచి వంటిది. ఒకే పేరుగల ఎలిమెంట్లు ఒకచోట చేరును. వేరు పేర్లుగల వాని నడుమ వరుస మిగులదు. కంపెనీ లెక్కల పత్రాలకు ఇది హానికరం కాకపోవచ్చును. చంపూకావ్యానికి మాత్రం ఇది మాలలోని పూలను జాతివారీగా విడదీసి కుప్పలు పోసినట్లు. ఆ మాడ్యూలు వివరణ పత్రమే కొత్త పనులకు దానిని వాడవద్దని హెచ్చరించుచున్నది.

సంఖ్యానుసారం పేర్చుటలో మోసం

మరొక పొరపాటు పైకి క్రమరక్షణ వలెనే కనిపించును. పత్రంలోని వరుసను విశ్వసింపక, ప్రతి ఎలిమెంటుకు గల సంఖ్యను బట్టి స్క్రిప్టు తిరిగి పేర్చుట అది. పాణిని అష్టాధ్యాయిలో సూత్రసంఖ్యలను 1.1.1, 1.1.2 అని వ్రాయుదురు. వీనిని అంకెలుగా గాక అక్షరాలుగా పోల్చినచో 1.1.1 తరువాత వచ్చునది 1.1.2 కాదు, 1.1.10. పిదప 1.1.11 నుండి 1.1.19 వరకు వచ్చి, ఆ తరువాత గాని 1.1.2 రాదు. ఫలితంగా గుణసంజ్ఞను విధించే రెండవ సూత్రం వృద్ధిసంజ్ఞకు దూరమైపోవును. తొమ్మిదవ సూత్రం సవర్ణసంజ్ఞను విధించినది. అచ్చులకు హల్లులకు పరస్పరం ఆ సంజ్ఞ లేదని పదవ సూత్రం నిషేధించినది. అక్షరక్రమంలో నిషేధం ముందు వచ్చి, విధి ఎంతో వెనుకపడును. విధియే లేనిచోట నిషేధమేమి? పై నుండి రావలసిన అనువృత్తి ఎచ్చటి నుండి వచ్చును?

అష్టాధ్యాయిలో క్రమం అలంకారం కాదు, శాస్త్రమే. విప్రతిషేధంలో పరసూత్రమే ప్రవర్తించునని 1.4.2 శాసించును. చివరి మూడు పాదాలలోని కార్యాలు పూర్వసూత్రాల దృష్టిలో అసిద్ధాలని 8.2.1 చెప్పును. పరం, పూర్వం అనే మాటలకు అర్థం సూత్రాల వరుస వలననే కలుగుచున్నది. ఆ వరుస చెదరిన క్షణాన, సూత్రాల అక్షరాలన్నియు భద్రంగా ఉన్నను, వ్యాకరణం లేదు.

ఈ చిక్కుకు వెరచి కొందరు పండితులు ముందే తగిన జాగ్రత్త తీసికొనిరి. జపాను పండితుడు మునేఓ తొకునాగా సంస్కృత మహాభారతాన్ని కంప్యూటరులో ఎక్కించినప్పుడు, దానిని కేంబ్రిడ్జికి చెందిన జాన్ స్మిత్ సంస్కరించినప్పుడు, ప్రతి పంక్తికిని పర్వానికి రెండు, అధ్యాయానికి మూడు, శ్లోకానికి మూడు స్థానాల చొప్పున సున్నలతో నింపిన సంఖ్యను ముందుంచిరి. అట్టి సంఖ్యలను అక్షరాలుగా పోల్చినను వరుస చెదరదు. సంఖ్యను వాడదలచినవారికి ఇది ఆదర్శం. అయినను, పత్రంలో వరుస ఉన్నప్పుడు దానినే అనుసరించుట ఉత్తమం. సంఖ్యను ఆ వరుసకు సాక్షిగా మాత్రమే ఉంచుకొనవలెను.

కవికి అంటగట్టిన యంత్రదోషం

మూడవ పొరపాటు పద్యం లోపలనే జరుగును. ఉత్పలమాలలో పాదానికి ఇరువది అక్షరాలు, పదవ అక్షరం యతిస్థానం. ఒక పాదంలో ఎనిమిదవ అక్షరం తరువాత పాఠాంతరాన్ని సూచించే ఎలిమెంటు ఉన్నదనుకొందము. ఎలిమెంట్‌ట్రీలో ఒక ఎలిమెంటు మొదటి అక్షరాలకు ‘టెక్స్ట్’ అనియు, లోపలి ఎలిమెంటు ముగిసిన తరువాత వచ్చే అక్షరాలకు ‘టెయిల్’ అనియు పేర్లు. ఈ భేదమెరుగని స్క్రిప్టు ‘టెక్స్ట్’ను మాత్రమే తీసికొని ఊరకుండును. అప్పుడు పాదంలో ఎనిమిది అక్షరాలే మిగులును, యతిస్థానమే ఉండదు. ఆ ఫలితాన్ని పట్టికలో చూచిన పరిశోధక విద్యార్థి ఇచ్చట గణభంగమనియు, యతిభంగమనియు వ్రాసికొనును. యంత్రదోషం కవిదోషమైపోవును.

దీనికి భయపడి లోపలి అక్షరాలనన్నిటిని పత్రక్రమంలో కలిపి తీసికొన్నచో వేరొక అనర్థం కలుగును. పాఠాంతరం మూలంలోనికి చొచ్చుకొని వచ్చి పాదం ఇరువది అక్షరాలను మించిపోవును. తాటాకు అంచున వ్రాసిన టిప్పణిని తరువాతి లేఖకుడు మూలంలో చేర్చివేసిన సందర్భాలను పరిష్కర్తలు ఎరుగుదురు. అదే ప్రక్షేపం ఇప్పుడు యంత్రముఖంగా జరుగుచున్నది. కావున ఏ ఎలిమెంటు మూలమో, ఏది టిప్పణియో, ఏది పాఠాంతరమో ముందుగా నిర్ణయింపవలెను. ఆ నిర్ణయం చేయగలవాడు స్క్రిప్టు వ్రాసేవాడు కాదు, పండితుడు.

ఆకు మారిన చోటు కూడ ఇట్టిదే. పద్యం ఒక ఆకులో మొదలై మరొక ఆకులో ముగియవచ్చును గనుక, ఆకు అనే ఎలిమెంటులో పద్యాన్ని ఇమిడ్చుట సాధ్యం కాదు. 1987లో ఆరంభమైన టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనీషియేటివ్ వారు ఇందుకొక ఉపాయం చేసిరి. పుట మారినచోట లోపల ఏమియు లేని ఒక చిన్న గుర్తును మాత్రం ఉంచుదురు. ఒక పద్యం ఏ ఆకులో ఉన్నదో తెలియవలెనన్న, మొదటి నుండి నడచివచ్చుచు, చివరగా దాటిన ఆకు గుర్తును జ్ఞాపకముంచుకొనుట ఒక్కటే మార్గం. ఆ గుర్తుకు పద్యంతో పత్రక్రమం తప్ప వేరు సంబంధమే లేదు. క్రమం పోయినచో ఆకు సంఖ్యలన్నియు నిరర్థకాలు. వ్రాతప్రతిని చూచి పాఠాన్ని సరిచూచుకొనే దారి మూసికొనిపోవును.

ఆక్షేపాలు, సమాధానాలు

క్రమాన్ని మార్చరాదనుట సంప్రదాయానికే విరుద్ధమని కొందరు ఆక్షేపింపవచ్చును. భట్టోజీ దీక్షితుడు సిద్ధాంతకౌముదిలో పాణిని సూత్రాలను ప్రక్రియానుసారం వేరొక వరుసలో కూర్చెను గదా? పద్యాన్ని అన్వయక్రమంలో చెప్పనిదే విద్యార్థికి అర్థం కాదు గదా? మీమాంసకులు సైతం పాఠక్రమం కంటె అర్థక్రమం బలవత్తరమనిరి. అగ్నిహోత్ర హోమం ముందు, యవాగువును వండుట తరువాత పఠితమైనను, వండనిదే హోమం చేయుట అసంభవం గనుక వండుటయే ముందని నిర్ణయించిరి.

ఈ ఆక్షేపం నిజానికి పై వాదాన్నే బలపరచుచున్నది. అర్థక్రమం పాఠక్రమాన్ని బాధించెనని చెప్పుటకు పాఠక్రమమేదో ముందు తెలియవలెను. మీమాంసకుడు శ్రుతివాక్యాల వరుసను దిద్ది వ్రాయలేదు. వాక్యాలను ఉన్నచోటనే ఉంచి అనుష్ఠానక్రమాన్ని వేరుగా చెప్పెను. కౌముది వెలసినంత మాత్రాన అష్టాధ్యాయీ పాఠం లుప్తం కాలేదు; నేటి కౌముదీ ముద్రణలు ప్రతి సూత్రానికి అష్టాధ్యాయీ సంఖ్యను చేర్చి ముద్రించుచున్నవి. కంప్యూటరు విషయంలోను ఇదే నీతి. మూలపత్రంలో పాఠక్రమం అవిచ్ఛిన్నంగా ఉండవలెను. అన్వయక్రమం, విషయక్రమం, అకారాదిక్రమం అన్నియు దాని నుండి స్క్రిప్టు ద్వారా పుట్టించుకొనే రెండవ ప్రతులుగా ఉండవలెను. వరుస ఉన్న పత్రం నుండి సూచికను ఎన్నిమారులైనను తయారు చేయవచ్చును. సూచిక నుండి కావ్యాన్ని తయారు చేయుట సాధ్యం కాదు.

ఇది సాంకేతికుల పని, పండితుల పని కాదనునది రెండవ ఆక్షేపం. అక్షరాలు ఎక్కించే పనిని డి.టి.పి. కేంద్రాలకు, స్క్రిప్టు పనిని ఇంజనీరింగు విద్యార్థులకు అప్పగించి, వచ్చిన పట్టికను అట్లే స్వీకరించుట పరిపాటి. వారిలో నైపుణ్యానికి లోటు లేదు. కాని వచనానికి పద్యానికి గల సంబంధం, అనువృత్తి స్వరూపం, యతిస్థానం తెలియనివారికి క్రమభంగం తప్పుగా కనిపించదు. యంత్రం తప్పని చెప్పదు, అక్షరసంఖ్య సరిపోవును, పట్టిక ముచ్చటగా ఉండును. దోషాన్ని పట్టగల కన్ను ఒక్క శాస్త్రజ్ఞునిదే.

చేయదగినది

ఇందుకు పండితుడు ప్రోగ్రామరు కానక్కరలేదు. ఒక్క పరీక్షను అడిగిన చాలును. స్క్రిప్టు చదివిన ఎలిమెంట్లను, అది చదివిన వరుసలోనే, మరల ఒక పత్రంగా వ్రాయించవలెను. ఆ పత్రాన్ని మూలపత్రంతో అక్షరాక్షరం పోల్చవలెను. రెండును ఒక్కటైనచో స్క్రిప్టు నమ్మదగినది. భేదమున్నచో ఆ భేదమున్న చోటనే దోషం చిక్కును. ఈ పరీక్షలో నెగ్గని స్క్రిప్టు ఇచ్చిన ఏ పట్టికను సిద్ధాంతవ్యాసంలో చేర్చరాదు.

మరి మూడు నియమాలు దీనికి తోడు కావలెను. క్రమాన్ని బోధించే విషయాన్ని ఎలిమెంటు యొక్క ఆట్రిబ్యూట్లలో వరుసగా ఉంచరాదు; ఆట్రిబ్యూట్ల వరుసకు ఎక్స్.ఎం.ఎల్. ఏ ప్రాముఖ్యమును ఇవ్వలేదు. టాగులు తొడుగుటకు ముందే మూలం, టిప్పణి, పాఠాంతరం అనే విభాగాన్ని పరిష్కర్త లిఖితపూర్వకంగా నిర్ణయించవలెను. ఆకు గుర్తులను అనవసరమని తొలగింపరాదు.

పాఠపరిష్కరణను బోధించే ప్రాచ్య కళాశాలలలో ఈ విషయాలకు కొన్ని తరగతులు కేటాయించుట కష్టం కాదు. ఇందుకు హైదరాబాదులో పూర్వరంగం కూడ కలదు. సంస్కృత కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్ మూడవ అంతర్జాతీయ సదస్సు 2009 జనవరిలో ఈ నగరంలోనే జరిగినది. వ్యాకరణం, మీమాంస చదివిన విద్యార్థికి పత్రక్రమ భావం ఒక్క పూటలో బోధపడును. అతడు దానిని వేరొక పేరుతో ముందే చదివి ఉన్నాడు. ఇంజనీరుకు అనువృత్తిని బోధించుట కంటె, వైయాకరణునికి ‘ఇటర్’ను బోధించుట తేలిక.

తాటాకు గ్రంథంలో ఆకులకు రంధ్రం చేసి దారం గ్రుచ్చుట కేవలం కట్ట విడిపోకుండుటకు మాత్రమే కాదు, వరుస నిలుచుటకు. దారం తెగిన కట్ట ముందు కూర్చుండి, ఆకు సంఖ్యలు చెరిగిపోగా, ఏ ఆకు తరువాత ఏ ఆకో అర్థాన్ని బట్టి ఊహించుచు నెలలు గడపిన పరిష్కర్తలకు ఆ దారం విలువ తెలియును. పత్రక్రమం నేటి గ్రంథానికి అట్టి దారం. దానిని తెంపకుండ చదువుట నేర్చుకొని, నేర్పవలసిన వారు ఆ కట్టలను ఇంతవరకు కాపాడిన ప్రాచ్యవిద్యావంతులే.